మూడోసారి చెప్పిన లైట్‌హౌస్ కథ

కామా టీచరుకి ఆ పేరు పెట్టింది పిల్లలే. "కామా కనబడ్డ చోటల్లా కాస్త ఊపిరి పీల్చుకోండర్రా, మీకేం రైలు తప్పిపోవట్లేదు" అని ఆవిడ ఇరవై ఒక్క ఏళ్ళుగా క్లాసులో మొత్తుకుంటూనే ఉంది. పిల్లలు ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నారో లేదో గానీ పేరు మాత్రం జిగురు పెట్టి అతికించినట్టు ఉండిపోయింది. ప్రిన్సిపాల్ మేడమ్ అంతటావిడ కూడా ఒకసారి మీటింగులో నోరుజారి "కామా టీచరు గారూ" అనేసి నాలిక కరుచుకుంది.

ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో ఆవిడకి ఏ తరగతి ఇచ్చినా సి సెక్షనే ఇచ్చారు. ఆ స్కూల్లో మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లలు ఎ సెక్షన్, తక్కువ వచ్చినవాళ్ళు సి సెక్షన్, అటూ ఇటూ కానివాళ్ళు బి. ఎ సెక్షన్ ఎప్పుడూ పెద్ద మాస్టారిదే. ఇంగ్లీషు విభాగానికి ఆయనే పెద్ద. ఆయన ఇంగ్లీషు మాట్లాడుతుంటే కిటికీలో పావురాలు కూడా రెక్క విదల్చవని స్టాఫ్‌రూములో చెప్పుకుంటారు. సి సెక్షన్ గది మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరు పరిగెత్తినా ఆ పిల్లల నెత్తి మీద పరిగెత్తినట్టే ఉంటుంది.

అయిదేళ్ళకోసారి ఆ స్కూల్లో ఇంగ్లీషుకి కొత్త ప్లాను రాస్తారు. ఆరో తరగతి నుంచి పది దాకా ఏ ఏడు ఏ కథ చదవాలి, ఏ పద్యం చదవాలి, ఏం రాయడం నేర్పాలి అన్నీ అందులో ఉంటాయి. రాస్తారు అంటే పెద్ద మాస్టారు రాస్తారని అర్థం. మిగతావాళ్ళు టీ తాగుతూ సంతకం పెడతారు. ఈసారీ అలాగే పెట్టేవాళ్ళు. కామా టీచరుకి నాలుగో పేజీ తిప్పే బుద్ధి పుట్టకపోతే గొడవే లేకపోను.

నాలుగో పేజీలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. సి సెక్షన్‌కి ఎనిమిదో తరగతి నుంచి సాహిత్యం ఉండదు, వాళ్ళకి అవసరమైన ఇంగ్లీషు మాత్రమే నేర్పుతాం, అంటే ఉత్తరాలు, దరఖాస్తులు, ఫారాలు నింపడం.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్ను మూత పెట్టేసింది.

"నేను సంతకం పెట్టను మాస్టారూ."

స్టాఫ్‌రూములో గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్ద మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే పాతికేళ్ళుగా ఆయన మాటకి ఎదురు లేదు.

"ఎందుకమ్మా? వాళ్ళ మంచికే కదా చెప్తున్నాను. రేప్పొద్దున బయటికెళ్ళాక వాళ్ళకి కావాల్సింది ఉద్యోగానికి దరఖాస్తు రాసుకోవడం. కథలూ పద్యాలూ పెట్టుకుని ఏం చేసుకుంటారు?"

"మీ ఎ సెక్షన్ పిల్లలు ఏం చేసుకుంటారో వీళ్ళూ అదే చేసుకుంటారు" అంది కామా టీచరు.

ప్రిన్సిపాల్ మేడమ్ రూల్స్ ఉన్న ఫైలు తెరిచింది. ప్లాను ఒప్పుకోనివాళ్ళు సొంత ప్లాను తేవాలి, దానితోపాటు గత అయిదేళ్ళ టీచింగ్ డైరీలు చూపించాలి. వచ్చే వారం శనివారం కమిటీ కూర్చుంటుంది. ఎవరి ప్లాను నెగ్గితే అయిదేళ్ళపాటు అదే. "పదిరోజుల టైముంది. తెస్తారా?" అని అడిగింది. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. తేను అంటే మెట్ల కింద గదిలోకి అయిదేళ్ళపాటు ఒక్క కథ కూడా దిగి రాదు.

"తెస్తాను మేడమ్."

ఇంటికి వచ్చేదాకా ఆవిడకి తను ఏం నెత్తికెత్తుకుందో తెలియలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే తెలిసొచ్చింది. అయిదు తరగతులు, మూడు సెక్షన్లు, తరగతికి ముప్ఫై ఆరు వారాలు.

వాళ్ళ ముందుగదిలో సగం అత్తగారి కుట్టుమిషన్‌ది. అత్తగారు నలభై ఏళ్ళుగా స్కూలు యూనిఫాంలు కుడుతోంది. పట్టణంలో సగం మంది పిల్లల నడుము కొలతలు ఆవిడకి నోటికొచ్చు. మిగతా సగం గదిలో కామా టీచరు గోడ నుంచి గోడకి నాలుగు వరసల తాడు కట్టింది. డైరీలన్నీ ముందేసుకుని ఒక్కో పాఠానికి ఒక్కో కాగితం రాసి బట్టల క్లిప్పులతో తగిలించింది. కథలకి ఎర్ర కాగితం, పద్యాలకి పసుపు, వ్యాకరణానికి తెలుపు, ఉత్తరాలకి నీలం. రెండురోజుల్లో గది నిండిపోయింది. మందుల షాపు నుంచి వచ్చే భర్త కాగితాల కింద వంగి వంగి వంటింట్లోకి పోవాల్సొచ్చింది.

"ఒకప్పుడు ఈ ఇంట్లో బట్టలు ఆరేసేవాళ్ళం. ఇప్పుడు చదువు ఆరేస్తున్నాం" అంది అత్తగారు.

కామా టీచరు నవ్వలేదు. ఇప్పుడు పదో తరగతి సి సెక్షన్లో ఉన్న పిల్లల వరస చూస్తోంది. వాళ్ళు ఆరులో చేరినప్పటి నుంచి ఇవాళ్టిదాకా ఏం చదివారో ఆ తాడు మీద ఉంది. ఆరో తరగతి మొదటి నెల, ఎర్ర కాగితం, లైట్‌హౌస్ కథ. ఏడో తరగతి ఇంకొకరు చెప్పారు. ఎనిమిదో తరగతి మొదటి నెల, ఎర్ర కాగితం, లైట్‌హౌస్ కథ. తొమ్మిది ఇంకొకరు. పదో తరగతి మొదటి నెల, ఎర్ర కాగితం.

చదవనక్కర్లేదు. అయినా చదివింది. లైట్‌హౌస్ కథ. మూడు కాగితాల మీదా చేతిరాత తనదే.

ఆవిడకి ఆ కథంటే ప్రాణం. చిన్నప్పుడు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో మొదటిసారి చివరిదాకా చదివిన కథ అదే. అందుకని ఏ తరగతి ఇచ్చినా మొదటి నెల అదే చెప్పేది. అలా చెప్పడం తన సొంత పద్ధతి అనుకుని లోలోపల మురిసిపోయేది కూడా. తను తరగతి మారుతుంటే పిల్లలు కూడా మారుతూ తన ఎదురుగానే వచ్చి కూర్చుంటున్నారన్న సంగతి మాత్రం బుర్రకి తట్టలేదు. పైగా ప్రతిసారీ పుస్తకం గుండెకి హత్తుకుని, గొంతు తగ్గించి, "ఇది మీరెప్పుడూ వినని కథ" అని మొదలుపెట్టేది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు మూడుసార్లూ కళ్ళింత చేసుకుని విన్నారు.

తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతకు ముందు బ్యాచ్‌ల డైరీలు తీయడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.

"అయితే ఏమైంది?" అన్నాడు భర్త, సంగతంతా విని. "ఆ మూడింట్లో రెండు కాగితాలు తీసేయ్. డైరీలో ఆ పేజీ ఎవరు తిప్పి చూడొచ్చారు?"

ఆవిడ ఎనిమిదో తరగతి కాగితం క్లిప్పు తీసింది. కాగితం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. నాలుగో పేజీ తిప్పి చూసే బుద్ధి తనకి పుట్టినట్టే పెద్ద మాస్టారికీ పుట్టచ్చు. అది అలా ఉంచితే, క్లాసులో కాపీ కొట్టిన పిల్లల చెవి మెలిపెట్టే చెయ్యి ఇదే. కాగితం మళ్ళీ తాడుకి తగిలించేసింది.

మర్నాడు మెట్ల కింద గదిలోకి వెళ్ళి, హాజరు కూడా తీసుకోకుండా, సూటిగా అడిగేసింది.

"లైట్‌హౌస్ కథ మీకు మూడుసార్లు చెప్పానా?"

ముప్ఫై ఎనిమిది మందీ బల్లల మీద గీతలు చూసుకుంటున్నారు. చివరికి రెండో వరసలోంచి బస్సు డ్రైవరు కూతురు లేచింది. ఎప్పుడూ మోచేతుల దాకా సిరా మరకలతో ఉండే పిల్ల అది.

"చెప్పారు టీచర్."

"మరి ఒక్కళ్ళయినా నోరు విప్పలేదేం?"

"మీరంత ఇష్టంగా చెప్తుంటే ఎలా చెప్తాం టీచర్? మీ మొహం చిన్నబోతుంది కదా" అంది ఆ పిల్ల. తర్వాత కొంచెం ఆగి, "అయినా మూడుసార్లూ ఒకేలా లేదు" అంది.

"కథ ఒకటే కదే!"

"కథ ఒకటే టీచర్. కానీ ఒకేలా లేదు."

ఆ కథ పెద్దదేం కాదు. సముద్రం మధ్య ఒక రాతి దిబ్బ, దాని మీద లైట్‌హౌస్, అందులో ఒక కాపలాదారు, అతని భార్య. దీపం ఆరకుండా చూడటం అతని పని. పొగమంచు కమ్మిన రోజున భార్యకి నొప్పులొస్తాయి. అతను దీపం వదిలి, పడవ వేసుకుని, మంత్రసాని కోసం ఒడ్డుకి వెళ్తాడు. తిరిగి వచ్చేసరికి దీపం ఆరిపోయి ఉంటుంది, ఓడ ఒకటి రాళ్ళకి కొట్టుకుని ఉంటుంది, పాప పుట్టి ఉంటుంది. అంతే కథ. ప్రతిసారీ కామా టీచరు చివర ఒకే ప్రశ్న ఇచ్చేది. అతను చేసింది తప్పా?

"మొదటిసారి మాకు పాప పుట్టిందనే గుర్తుంది" అంది బస్సు డ్రైవరు కూతురు. "రెండోసారి ఓడలో వాళ్ళు గుర్తొచ్చారు. మూడోసారి నాకు వేరే వాళ్ళ మీద కోపం వచ్చింది."

"ఆ నోటు పుస్తకాలు ఉన్నాయా?"

"మా నాన్న ఒక్క కాగితం కూడా పారేయడు టీచర్. బస్సు టికెట్లు కూడా దాస్తాడు."

ఆ సాయంత్రం మూడు నోటు పుస్తకాలు కామా టీచరు ఒళ్ళో ఉన్నాయి. అవన్నీ ఆవిడ ఒకప్పుడు దిద్దినవే. కానీ ఏ ఏటికి ఆ ఏడు దిద్ది పక్కన పడేసింది తప్ప పక్కపక్కన పెట్టి ఎప్పుడు చూసింది గనక? చూస్తున్నకొద్దీ ఆవిడ కళ్ళు చెమర్చాయి. ముక్కు చీదుకుంటుంటే అత్తగారు మిషన్ ఆపింది.

"ఏమైందమ్మాయ్? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమన్లేదత్తయ్యా. ఒకే గుడ్డ పిల్లకి మూడుసార్లు తొడిగాను. మూడుసార్లూ సరిపోయింది. ఎలా సరిపోయిందో తెలియట్లేదు."

అత్తగారికి నవ్వొచ్చింది. చేతిలో ఉన్న స్కర్టు తిరగేసి అంచు చూపించింది. లోపల నాలుగు వేళ్ళ మేర గుడ్డ మడిచి కుట్టి ఉంది.

"ఇందులో తెలియకపోవడానికేముంది? ఎదిగే పిల్లకి కుట్టేటప్పుడు లోపల మడత వదులుతాం. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడుగవుతుంది. కుట్టు విప్పి మడత దించుతాం. కొత్త స్కర్టు ఎందుకు? అదే స్కర్టు. ఇంతకీ నీ కథలో మడత ఉందా లేదా?"

కామా టీచరు తాళ్ళ వైపు చూసింది. తర్వాత లేచి అత్తగారిని రెండు చేతులతో వాటేసుకుంది. "సూది గుచ్చుకుంటుందే, వదులు!" అని అత్తగారు గింజుకుంది.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియదు. కాగితాలన్నీ పీకి మళ్ళీ తగిలించింది. మూడు సెక్షన్లకీ ఒకే కథలు పెట్టింది. ఏడాదికి రెండు కొత్త కథలు, ఒక పాత కథ. ఆరులో చదివింది ఎనిమిదిలో మళ్ళీ వస్తుంది, ఎనిమిదిలోది పదిలో వస్తుంది. మొదటిసారి కథ విని మళ్ళీ నోటితో చెప్పడం. రెండోసారి కథలో ఒకళ్ళయి ఉత్తరం రాయడం. మూడోసారి ఆ కథ మీద వాదించడం, దరఖాస్తు పెట్టడం. నీలం కాగితాలు తీసేయలేదు. ఎర్ర కాగితాల పక్కకి జరిపింది, అంతే.

శనివారం లైబ్రరీలో కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడమ్, తల్లిదండ్రుల తరఫున ఇద్దరు, లైబ్రేరియన్, స్కూలు పిల్లల్ని చిన్నప్పటి నుంచి చూస్తున్న ముసలి డాక్టరు గారు. పెద్ద మాస్టారు ముందు మాట్లాడారు. పావురాలు కదలలేదు. ఆయన ప్లాను నీటుగా టైపు చేసి, స్పైరల్ బైండు చేసి ఉంది. కామా టీచరు ఒక అల్మారా నుంచి ఇంకో అల్మారాకి తాడు కట్టి బట్టల క్లిప్పులు తగిలిస్తుంటే తల్లిదండ్రుల్లో ఒకాయన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

పెద్ద మాస్టారు డైరీలు అడిగి తీసుకున్నారు. ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పారు. ఆయన వేలు ఒక చోట ఆగింది. ఇంకో డైరీ తెరిచారు, ఇంకోటి తెరిచారు.

"ఇదేమిటమ్మా? ఒకే పిల్లలకి ఒకే కథ మూడుసార్లు చెప్పారా?"

"చెప్పాను మాస్టారూ."

"కావాలనే చెప్పారా?"

అవునంటే సరిపోయేది. ప్లాను మొత్తం దాని మీదే కట్టింది కాబట్టి అందరూ నమ్మేవాళ్ళు కూడా. కామా టీచరు నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"లేదండీ. మర్చిపోయి చెప్పాను."

కమిటీ గొల్లుమంది. ముసలి డాక్టరు గారికి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పెద్ద మాస్టారు మాత్రం నవ్వలేదు. "చెప్పిన పాఠం గుర్తులేనివాళ్ళు అయిదేళ్ళ ప్లాను వేస్తారా మేడమ్?" అని ప్రిన్సిపాల్ వైపు తిరిగారు. ఆ మాటకి నవ్వులు ఆగిపోయాయి. కామా టీచరు సంచీలోంచి మూడు కాగితాలు తీసింది. నోటు పుస్తకాల్లోంచి మక్కికి మక్కి రాయించి తెచ్చినవి అవి, పేరు గానీ తరగతి గానీ లేవు.

"నేను మర్చిపోయాను మాస్టారూ. పిల్లలు మర్చిపోలేదు. ఇవి మీరే చదవండి. గట్టిగా చదవండి."

ఆయన మొదటిది చదివారు. నాలుగు చిన్న వాక్యాలు. పాప పుట్టింది. నాకు సంతోషంగా ఉంది. ఆయన మంచి నాన్న. పాపకి దీపం అని పేరు పెట్టాలి.

రెండోది ఉత్తరం. మునిగిన ఓడలో చనిపోయిన నావికుడి తల్లి కాపలాదారుకి రాసింది. మీ పాప కోసం మా అబ్బాయి ఎందుకు చావాలి, మా అబ్బాయి కూడా ఒకప్పుడు పాపే, వాడు పుట్టినప్పుడు కూడా మా ఇంట్లో దీపం పెట్టాం. పెద్ద మాస్టారి గొంతు కొంచెం తగ్గింది.

మూడోది ఓడరేవు ఆఫీసుకి దరఖాస్తు. పైన తేదీ, చిరునామా, విషయం, అన్నీ ఎక్కడ ఉండాల్సినవి అక్కడున్నాయి. అయ్యా, మనిషికి జ్వరం వస్తుందనీ, నిద్ర వస్తుందనీ, బిడ్డ పుడుతుందనీ మీ ఆఫీసుకి తెలియదా? అంత పెద్ద సముద్రానికి ఒక్క మనిషిని చాలన్న కాగితం మీద సంతకం ఎవరిది? అందరూ కాపలాదారునే ప్రశ్నలడిగారు. ఆ సంతకం పెట్టినవాళ్ళని ఎవరూ అడగలేదు. ఆ దీపానికి రెండో మనిషిని వెంటనే నియమించవలసిందిగా కోరుతున్నాను.

చదవడం అయిపోయినా పెద్ద మాస్టారు కాగితం కింద పెట్టలేదు.

"ఇది ఎ సెక్షన్ పిల్లలు రాసిందే" అన్నారాయన చివరికి. "మా క్లాసులో ఎవరో చెప్పండి. నాకెందుకు చూపించలేదో కనుక్కోవాలి."

"మీ క్లాసు కాదు మాస్టారూ. మూడూ ఒక్క పిల్లే రాసింది. ఆరులో, ఎనిమిదిలో, పదిలో. సి సెక్షన్."

ఆయన మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "ఆ పిల్లని పిలవండి" అన్నారు.

బస్సు డ్రైవరు కూతురు వచ్చింది. మోచేతుల మీద సిరా అలాగే ఉంది. పెద్ద మాస్టారు ఇంగ్లీషులో అడిగారు. రెండో మనిషిని పెట్టాక కూడా ఓడ మునిగితే అప్పుడేం చేస్తావు? ఆ పిల్ల ఒక్కసారి కామా టీచరు వైపు చూసింది. ఊపిరి పీల్చుకుంది. వచ్చిన ఇంగ్లీషులోనే, తడబడుతూ, కానీ ఆగకుండా జవాబు చెప్పింది.

"అప్పుడు ఆ ఇద్దర్నీ అడుగుతాను సర్. ఇప్పుడు మాత్రం ఒక్కణ్ణే ఎందుకు పెట్టారని అడుగుతాను. ముందు మనిషికి సాయం ఇవ్వాలి సర్, తర్వాత తప్పు పట్టాలి."

డాక్టరు గారు బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చారు. తల్లిదండ్రుల్లో ఇందాక నవ్వినాయన చప్పట్లు కొట్టాడు. పెద్ద మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, బైండు చేసిన తన ప్లాను ముందుకి లాక్కుని, నాలుగో పేజీ తెరిచి, ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టేశారు.

"ఆ సంతకం నాదేనమ్మా" అన్నారు కామా టీచరుతో. "ఇరవై ఒక్క ఏళ్ళు ఆ గదికి మిమ్మల్ని ఒక్కర్నే వదిలేశాను."

ఓటింగు మాట ఎవరూ ఎత్తలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ బట్టల క్లిప్పులతో ఉన్న ప్లాను మీదే స్టాంపు వేసింది. తాడు ఊగుతుంటే స్టాంపు కాస్త వంకరగా పడింది. బయట వరండాలో ముప్ఫై ఎనిమిది మంది కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ళు పెట్టిన కేకలకి పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. కామా టీచరు వాళ్ళని కోప్పడదామని వెళ్ళి, కోప్పడలేక, పమిట కొంగుతో మొహం తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

కొత్త ఏడు మొదలైంది. టైం టేబుల్ వేసే రోజున పెద్ద మాస్టారు తనే వచ్చి ఎనిమిదో తరగతి సి సెక్షన్ అడిగి తీసుకున్నారు. కామా టీచరుకి పదో తరగతి ఎ సెక్షన్ వచ్చింది. మొదటి రోజు ఆవిడ మెట్లు ఎక్కబోతూ కింద గది ముందు ఆగింది. లోపల పెద్ద మాస్టారు పుస్తకం గుండెకి హత్తుకుని, గొంతు తగ్గించి, అచ్చం తనలాగే మొదలుపెట్టారు. ఎవరు చెప్పారో ఏమో ఆయనకి.

"ఇది మీరెప్పుడూ వినని కథ."

"విన్నాం మాస్టారూ!" అని గది గదంతా అరిచింది. "ఆరో తరగతిలో విన్నాం!"

పెద్ద మాస్టారు ఒక్క క్షణం బిక్కమొహం వేశారు. తర్వాత పకపకా నవ్వి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యలో కూర్చున్నారు.

"విన్నారా? అయితే చెప్పండి. ఆ ఓడలో ఎవరెవరున్నారు?"